చివరి వరసకి కాదు, పక్కనున్న మనిషికి: తెనాలి నుంచి 94 సెల్ఫ్ టేపులు పంపిన నా అనుభవం

2024 మార్చి 9, శనివారం. ముందురోజు శివరాత్రి జాగరణకి ఒక పల్లెలో నాటకం వేసి, తెల్లవారాక ఇంటికొచ్చి పడుకున్నాను. సాయంత్రం లేచి ఫోన్ చూస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో ముక్కూమొహం తెలియని వాళ్ళ మెసేజ్. "నమస్తే మేడమ్, మీ నాటకం క్లిప్ చూశాం. వెబ్ సిరీస్‌లో తల్లి పాత్ర ఉంది. రేపు ఉదయం 10 లోపు సెల్ఫ్ టేప్ పంపగలరా?" అని ఉంది. కింద ఒకటిన్నర పేజీ సీను. ఆ మెసేజ్ వచ్చి అప్పటికే నాలుగు గంటలైంది.

మాది తెనాలి. నాకప్పుడు 41 ఏళ్ళు. 16 ఏళ్ళుగా పరిషత్తు నాటకాలు, అంటే పోటీ నాటకాలు వేస్తున్నాను. నాటక సమాజాలకి ఆడ ఆర్టిస్టులు దొరకరు. అందుకే ఒకే పరిషత్తులో ఒకే రాత్రి రెండు సమాజాలకి వేసిన రోజులు కూడా ఉన్నాయి. ప్రదర్శనకి 2,500 ఇచ్చేవాళ్ళు, ఉత్తమ నటి బహుమతి వస్తే ఒక జ్ఞాపిక. ఆ ఫిబ్రవరిలో మా అమ్మాయి నా నాటకంలో ఒక నిమిషం ముక్క ఫోన్‌తో తీసి పెట్టింది. దాన్ని చూసే ఈ మెసేజ్ పంపారు.

సెల్ఫ్ టేప్ అంటే ఏమిటో నాకు తెలీదు. "నువ్వే తీసుకుని పంపే ఆడిషన్ అమ్మా" అంది మా అమ్మాయి. రాత్రి 9 గంటలకి హాల్లో ట్యూబ్‌లైట్ కింద నిలబడ్డాను. మా ఆయన ఫోన్ పట్టుకున్నారు, నిలువుగా. వెనక క్యాలెండర్, పైన ఫ్యాను చప్పుడు. నేను స్టేజీ మీద చెప్పినట్టే చెప్పాను. ఆరుసార్లు తీసి బాగున్నదని అనుకున్నది పంపాను. చూశారన్న గుర్తు పడింది గానీ జవాబు రాలేదు. వారం రోజులు నిద్రలేచిన దగ్గర్నుంచీ ఫోనే చూసుకున్నాను. రెండు వారాల తర్వాత ఆ టేపు నేనే మళ్ళీ చూశాను. కన్నకొడుకు పక్కన కూర్చుని ఏడవాల్సిన తల్లి ఊరంతటికీ వినబడేలా అరుస్తోంది.

అక్కడ నుంచి ఒక నోటు పుస్తకం పెట్టాను. టేపు పంపిన తేదీ, ఎవరికి, ఏ పాత్ర, జవాబు వచ్చిందా, ఖర్చు ఎంత, అన్నీ రాసుకుంటూ వచ్చాను. ఇక్కడ చెబుతున్న లెక్కలన్నీ ఆ పుస్తకంలోవే. 2024 మార్చి నుంచి 2025 అక్టోబరు చివరి దాకా 20 నెలల్లో 94 టేపులు పంపాను. "అందింది" అని కనీసం ఒక ముక్క రాసినవాళ్ళు 23 మంది. లుక్ టెస్టుకి, అంటే పాత్రకి నప్పుతానో లేదో వేషం వేసి చూడటానికి, పిలిచింది 9 సార్లు. చేసినవీ ఒప్పుకున్నవీ కలిపి పనులు 7. ఇంట్లో కూర్చుని ఈ దారిలోకి రావాలనుకునే నా వయసు వాళ్ళు ఈ అంకెలు ముందే తెలుసుకుంటే మంచిది. నాకు ముందు ఎవరూ చెప్పలేదు. మొదటి 30 టేపులకి ఏమీ రాకపోతే నాలోనే లోపం ఉందనుకుని చాలా కుంగిపోయాను.

ఏప్రిల్‌లో టేపు తీసే పద్ధతి నేర్చుకున్నాను. రింగ్ లైటు 1,200, ట్రైపాడ్ 850, కాలర్ మైకు 1,600, గోడకి కట్టడానికి లేత బూడిద రంగు దుప్పటి 350. మొత్తం 4,000 అయింది. ఫోన్ అడ్డంగా పెట్టాలి. కళ్ళు లెన్సులోకి కాదు, దాని పక్కన కూర్చుని అవతలి డైలాగు చదివే మనిషి వైపు చూడాలి. ఆ చదివే మనిషి గొంతు తగ్గించి చదవాలి, లేకపోతే టేపులో వాళ్ళ గొంతే పెద్దగా వినపడుతుంది. సీను ముందు పరిచయం విడిగా తీయాలి. పేరు, వయసు, ఎత్తు, ఊరు, వచ్చిన భాషలు, తర్వాత ఎడమ వైపు, కుడి వైపు మొహం, చేతులు ముందూ వెనకా. చేతులు ఎందుకో మొదట అర్థం కాలేదు. క్లోజప్‌లో అన్నం కలిపే చెయ్యో, మందు తాగించే చెయ్యో కనబడాలి కదా, అందుకని.

మా ఇంటికి ఒక ఇబ్బంది ఉంది. రైలు పట్టాలకి దగ్గర. తెనాలి జంక్షన్ కాబట్టి రాత్రీ పగలూ తేడా లేకుండా బళ్ళు వెళ్తూనే ఉంటాయి. మంచి టేకు వస్తుందనుకునే సమయానికి కూత. మెల్లమెల్లగా ఏ బండి ఎప్పుడు వెళ్తుందో మాకు బట్టీ వచ్చేసింది. రాత్రి పదకొండున్నర దాటాక ఒక గూడ్సు వెళ్ళిందంటే పావుగంట ఖాళీ దొరికేది. మా ఆయన కిటికీ దగ్గర నిలబడి "వెళ్ళిపోయింది, కానివ్వు" అనేవారు. నా టేపుల్లో సగం ఆ పావుగంటల్లో తీసినవే.

ఇంకో సంగతి చెప్పాలి, దీనివల్ల నాకు నిజంగా నష్టం జరిగింది. వాట్సాప్‌లో వీడియో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుందని, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి లింకు పంపమన్నారు. మే నెలలో అలాగే ఆరు టేపులు పంపాను. ఎవరూ పలకలేదు. 17 రోజుల తర్వాత మా అమ్మాయి వేరే పని మీద నా మెయిల్ తెరిచింది. అందులో వరసగా నాలుగు మెయిళ్ళు: ఫలానా వాళ్ళు ఈ ఫైలు చూడటానికి అనుమతి అడుగుతున్నారు అని. లింకు అందరికీ తెరిచి పెట్టకుండా పంపాను నేను. ఆ ఆరింటిలో నాలుగింటిని చూద్దామని వాళ్ళు ప్రయత్నించారన్నమాట. వెంటనే తెరిచి అందరికీ మెసేజ్ పెట్టాను. ముగ్గురు "క్లోజ్ అయిపోయింది మేడమ్" అన్నారు. ఆ రాత్రి వంట చేస్తూ ఏడ్చాను. ఇప్పుడు ఏ లింకైనా ముందు మా అన్నయ్య ఫోన్‌కి పంపి, ఆయన ఫోన్‌లో తెరుచుకున్నాకే బయటివాళ్ళకి పంపుతాను.

అదే మేలో మోసపోయాను కూడా. ఒకతను ఫోన్ చేసి పెద్ద సంస్థకి ఆర్టిస్టుల్ని పంపుతామని, నా టేపు ఎంపికైందని చెప్పాడు. ఆర్టిస్టు కార్డుకి 15,000, ముందుగా రిజిస్ట్రేషన్‌కి 2,500 అన్నాడు. గొంతు ఎంతో మర్యాదగా ఉంది, నాటకాల గురించి కూడా మాట్లాడాడు. 2,500 పంపాను. రెండో రోజు మిగతాది అడుగుతూ తొందరపెట్టాడు. అప్పుడు అనుమానం వచ్చి ఆఫీసు అడ్రసు అడిగితే ఫోన్ పెట్టేశాడు. సైబర్ మోసాల మీద ఫిర్యాదు తీసుకునే 1930కి ఫోన్ చేసి రాయించాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. డబ్బు రాలేదు. ఈ 20 నెలల్లో నేను చేసిన ఏ పనికీ, ఏ ఆడిషన్‌కీ, నిజంగా పని ఇచ్చినవాళ్ళు ఎవరూ నా దగ్గర ముందుగా ఒక్క రూపాయి అడగలేదు. ఆర్టిస్టుల్ని షూటింగు వాళ్ళకి కుదిర్చే కోఆర్డినేటర్లు కమిషన్ తీసుకుంటారు, అది పని అయ్యాక, వచ్చిన దానిలోంచి.

ఆడవాళ్ళకి మాత్రమే వచ్చే ఫోన్లు కూడా వచ్చాయి. మూడు. "అడ్జస్ట్ అవుతారా" అన్న మాటే ముగ్గురూ వాడారు. మొదటిసారి చేతులు వణికాయి, రెండు రోజులు ఇంట్లో చెప్పలేకపోయాను. చెప్పాక మా ఆయన ఒకటే అన్నారు, "నీ తప్పేముంది ఇందులో?" ఆ మాట అనకపోయి ఉంటే నేను అక్కడే ఆపేసేదాన్ని. అప్పటి నుంచి ఎవరు ఫోన్‌లో పాత్ర గురించి చెప్పినా, సీను రాతపూర్వకంగా పంపమని, ఆఫీసుకి పగటిపూట మా ఆయనతో కలిసి వస్తానని ముందే చెబుతున్నాను. పని ఉన్నవాళ్ళు "రండమ్మా" అంటారు. లేనివాళ్ళు మళ్ళీ ఫోన్ చేయరు.

జూన్, జూలైల్లో రీల్స్ పిచ్చిలో పడ్డాను. ప్రతి కోఆర్డినేటరూ "ఫాలోవర్లు ఎంతమంది?" అని అడుగుతుంటే టెన్షన్ పట్టుకుంది. రోజుకొక రీల్ చొప్పున రెండు నెలలు చేశాను. పొద్దున్నే వంట, ఆ తర్వాత చీర కట్టుకుని రీల్. ఒకటి 4 లక్షల మంది చూశారు. బంధువులు ఫోన్లు చేశారు. ఒక్క పని రాలేదు. నా వయసు పాత్రలకి ఎంచుకునేవాళ్ళు రీల్ చూడరు, నటన ఉన్న ముక్క చూస్తారు. ఆగస్టులో విజయవాడలో ఒక ఎడిటింగ్ కుర్రాడికి 2,500 ఇచ్చి నిమిషం 20 సెకన్ల షోరీల్ చేయించాను. అందులో రెండు నాటకం ముక్కలు, మూడు మంచి టేపులు. ఫొటోలకి 6,000 అయింది. మేకప్ లేకుండా ఒకటి, నేత చీరలో ఒకటి, చుడీదార్‌లో ఒకటి. మేకప్ లేని ఫొటో చూసే ఎక్కువమంది పిలిచారు.

మొదటి పని 2024 ఆగస్టు 22న. ఒక యూట్యూబ్ సిరీస్‌లో నర్సు. ఒక రోజు, 3,000. రాను పోను ఖర్చులు నావే. ముందురోజే రైల్లో హైదరాబాద్ చేరుకున్నాను. ఆరు గంటలకి గచ్చిబౌలి దగ్గర లొకేషన్‌లో ఉండమన్నారు, ఉన్నాను. నా సీను తీసింది మధ్యాహ్నం మూడున్నరకి. తొమ్మిదిన్నర గంటలు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు, ప్రొడక్షన్ అబ్బాయి టిఫినూ టీలూ ఇస్తూనే ఉన్నాడు. అయినా ఎప్పుడు పిలుస్తారో తెలీక బాత్రూముకి వెళ్ళడానికి కూడా భయపడ్డాను. నాటకంలో గంట వేయగానే తెర లేస్తుంది, నా వంతు ఎప్పుడో నాకు తెలుసు. ఇక్కడ ఆ లెక్క లేదు. పిలిచేసరికి అలసిపోయి ఉన్నాను. ఇప్పుడు సెట్‌కి వెళ్ళగానే కో-డైరెక్టర్‌ని అడుగుతాను, "నాది సుమారుగా ఎన్నో సీను?" అని. అడిగితే చెబుతారు.

ఆ రోజు సౌండ్ చూసే అబ్బాయి వచ్చి "అమ్మా, గాజులు తీయాలి" అన్నాడు. లైవ్ సౌండ్, అంటే సీను తీస్తుండగానే మాటలు రికార్డు చేస్తారు, గాజుల చప్పుడు మాట మీద పడుతుంది. మట్టిగాజులు పెళ్ళైన దగ్గర్నుంచీ ఒక చేతికైనా లేకుండా లేను. మనసు ఒప్పుకోలేదు. అతనే అర్థం చేసుకుని, పర్లేదమ్మా అని, గాజులన్నీ కలిపి మెత్తటి టేపుతో చేతికి అంటించాడు. ఇప్పుడు నా సంచీలో ఆ టేపు చుట్ట ఎప్పుడూ ఉంటుంది. పట్టుచీర కూడా అంతే, నడిస్తే గరగరమంటుంది. సన్నగళ్ళ చీర కెమెరాలో అలలు అలలుగా కనబడుతుంది. "కాస్ట్యూమ్ మీరే తెచ్చుకోండి" అంటే మెత్తటి కాటన్, ముదురు రంగు, గళ్ళు లేనిది. ఇవన్నీ అక్కడే తెలిశాయి.

సీను మొదటి టేకులో డైరెక్టర్ కట్ చెప్పి నా దగ్గరకి వచ్చారు. నా కంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. కింద మోకాళ్ళ మీద కూర్చుని అన్నాడు, "అమ్మా, మీరు చివరి వరసలో ఉన్నవాళ్ళకి చెబుతున్నారు. నేను మీ పక్కనే ఉన్నాను. నాకు చెప్పండి." 16 ఏళ్ళు నేను కష్టపడి నేర్చుకున్నదే అది, చివరి వరసకి వినబడటం. స్టేజీ మీద వేలాడే మైకులు ఎంత నమ్మకంగా పనిచేస్తాయో నాటకం వాళ్ళకి తెలుసు. గొంతు ఎత్తకపోతే న్యాయనిర్ణేతలకి అందదు. ఆ గొంతు తగ్గించమంటే నాది అనుకున్నది వదిలేయమన్నట్టు అనిపించింది. నాలుగో టేకులో అతని కళ్ళలోకి చూసి, మా అమ్మాయికి జ్వరం వచ్చినప్పుడు ఎలా మాట్లాడతానో అలా చెప్పాను. సెట్‌లో ఎవరూ చప్పుడు చేయలేదు. "ఓకే" అన్నాడు. తర్వాత తెలిసింది, గొంతు తగ్గినా ఊపిరి పట్టు, డైలాగు గుర్తుపెట్టుకోవడం, ఎదుటివాళ్ళు చెప్పేది వినడం, అన్నీ నాటకంలోవే పనికొచ్చాయి. మూడు పేజీల సీను ఒక్క తప్పు లేకుండా చెబితే కెమెరా వాళ్ళు ఆశ్చర్యంగా చూస్తారు, మాకది మామూలు.

అక్టోబరులో ఒక దుకాణం ప్రకటన, రెండు గంటల పని, 10,000. డిసెంబరులో షార్ట్ ఫిల్మ్, రెండు రోజులు, 5,000. మధ్యలో నవంబరు నాకు బాగా బాధ మిగిల్చింది. ఒక పెద్ద ఓటీటీ సిరీస్‌లో నాయకుడి తల్లి పాత్ర. మూడుసార్లు పిలిచారు. ఒకసారి లుక్ టెస్టు, ఒకసారి నాయకుడితో కలిపి సీను, ఒకసారి బట్టల కొలతలు. మూడుసార్లూ రైలు టికెట్లు నావే, హైదరాబాద్ యూసఫ్‌గూడలో ఆడవాళ్ళ హాస్టల్‌లో రోజుకి 450 ఇచ్చి పడుకున్నాను. కొలతలు కూడా తీసుకున్నారు కదా అని ఇంట్లో, నాటక సమాజంలో చెప్పేశాను. ఒక పరిషత్తు వాళ్ళకి రాలేనని కూడా చెప్పాను. తర్వాత మూడు వారాలు మౌనం. నేనే ఫోన్ చేస్తే "వేరే ఆర్టిస్టు ఫైనల్ అయ్యారమ్మా, మీకు చెప్పలేదా?" అన్నారు. చెప్పలేదు. కాదన్నందుకు కాదు నా బాధ. ఆ మూడు వారాల్లో ఒక మెసేజ్ పెట్టి ఉంటే ఆ పరిషత్తుకి నేను వెళ్ళేదాన్ని. ఆ సమాజం వాళ్ళు నా వల్ల నాటకం మానుకున్నారు. అది ఇప్పటికీ నా మనసులో ఉంది. అగ్రిమెంట్ చేతికి వచ్చేదాకా ఇప్పుడు ఎవరికీ చెప్పను, ఎవరికిచ్చిన మాటా తప్పను.

2025 ఫిబ్రవరిలో అసలు పని వచ్చింది. ఓటీటీ సిరీస్, బడి వంటమనిషి పాత్ర, 8 రోజులు, రోజుకి 8,000. ఇది నా 58వ టేపు. అగ్రిమెంట్ 11 పేజీలు, అంతా ఇంగ్లీషు. మా అన్నయ్య స్నేహితుడైన వకీలు గారి దగ్గర కూర్చుని చదివించుకున్నాను. ముఖ్యంగా నాలుగు విషయాలు తెలిశాయి. విడుదలయ్యేదాకా సెట్ ఫొటో ఎక్కడా పెట్టకూడదు. డబ్బింగ్‌కి వేరే డబ్బు లేదు, ఇందులోనే. మళ్ళీ ప్యాచ్ వర్క్, అంటే మిగిలిపోయిన చిన్న ముక్కలు తీసే పని ఉంటే ఒక రోజు ఉచితంగా రావాలి. ఇన్‌వాయిస్, అంటే బిల్లు ఇచ్చిన 45 రోజులకి డబ్బు. ఉచితం అన్న మాటని, ప్రయాణ ఖర్చులు వాళ్ళవే అని మార్చమని అడిగాను. అడగాలంటే చాలా భయపడ్డాను, ఎక్కడ తీసేస్తారో అని. మేనేజర్ గారు ఒక్క నిమిషంలో ఒప్పుకున్నారు.

ఆ 8 రోజులూ నా జీవితంలో మంచి రోజులు. బడి వంటగది సెట్ వేశారు. నిజంగానే అన్నం వండించారు. గంజి వంచేటప్పుడు నేను చెయ్యి పెట్టిన తీరు చూసి కెమెరామన్ "అమ్మా, అదే మళ్ళీ చేయండి, చేతుల మీద ఒక షాట్ పెడతా" అన్నారు. కంటిన్యుటీ గురించి అక్కడ గట్టిగా నేర్చుకున్నాను. ఏ మాట దగ్గర గరిటె ఏ చేతిలో ఉందో, కొంగు దోపుకున్నానో లేదో, అన్ని యాంగిళ్ళలో అదే ఉండాలి. రాత్రి హాస్టల్‌కి వచ్చి సీను పక్కన పెన్సిల్‌తో రాసుకునేదాన్ని.

మార్చి 3న ఇన్‌వాయిస్ ఇచ్చాను. పాన్ కార్డు, క్యాన్సిల్డ్ చెక్కు జతచేసి. 45 రోజులు అయ్యాయి, 60 అయ్యాయి. అకౌంట్స్ వాళ్ళకి ప్రతి సోమవారం మర్యాదగా ఒక మెసేజ్ పెట్టాను. డబ్బు జూన్ 9న పడింది, 98 రోజులకి. 64,000లో పది శాతం టీడీఎస్, అంటే ముందే పట్టుకునే పన్ను, 6,400 పోగా 57,600. కోఆర్డినేటర్‌కి 6,400 ఇచ్చాను. చేతిలో 51,200. మా అమ్మాయి కాలేజీ ఫీజు ఏప్రిల్‌లో కట్టాలి. ఈ డబ్బు వస్తుందని లెక్కేసుకున్నాం, రాకపోయేసరికి నా గొలుసు తాకట్టు పెట్టాం. ఈ పని చేసేవాళ్ళు డబ్బు చేతికి వచ్చేదాకా దాన్ని ఇంటి లెక్కలో వేసుకోకండి. మాకు గొలుసు జూన్‌లో తిరిగొచ్చింది.

ఆ 6,400 పోయినట్టే అనుకున్నాను. గుంటూరులో ఒక ఆడిటర్ గారు చెప్పారు, అప్పటి ఆదాయపు పన్ను చట్టంలో సినిమా ఆర్టిస్టులు వృత్తి చేసేవాళ్ళ కింద లెక్క, అందులోని 44ఏడీఏ సెక్షన్ ప్రకారం వచ్చినదాంట్లో సగం ఆదాయంగా చూపిస్తే చాలు, నాలాంటి చిన్న ఆదాయానికి పన్నే ఉండదు అని. ఇన్‌వాయిస్ మార్చిలోనే వాళ్ళ లెక్కల్లోకి ఎక్కింది కాబట్టి పన్ను పట్టుకున్నది కూడా ఆ ఏడాది కిందే కనబడింది. ఆయనకి 1,000 ఇచ్చి ఆగస్టు 11న రిటర్ను వేయించాను. సెప్టెంబరు 5న 6,400 ఖాతాలో పడింది. ఎన్ని ఏళ్ళుగా ఎంతమంది చిన్న ఆర్టిస్టులు ఈ డబ్బు అడక్కుండా వదిలేస్తున్నారో. సెట్‌లో నలుగురికి చెప్పాను, ఒక్కరికీ తెలీదు.

మేలో డబ్బింగ్‌కి పిలిచారు. లైవ్ సౌండే గానీ వంటగది పొయ్యి చప్పుడులో కొన్ని మాటలు పోయాయి. అద్దం గదిలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తెర మీద నా పెదాలు నేనే చూస్తూ, మూడు నెలల కిందటి ఊపిరితో మళ్ళీ చెప్పాలి. మొదటి గంట ఒక్కటీ కుదరలేదు. ఇంజినీరు గారు "కూర్చోకండి, ఆ రోజు నిలబడి కదా చెప్పారు, నిలబడండి, చేతులు కూడా కదపండి" అన్నారు. అంతే, కుదిరింది.

సిరీస్ జూలై చివర్లో ఒక శుక్రవారం వచ్చింది. ఇంట్లో అందరం కూర్చుని చూశాం. 8 రోజుల పనిలో నేను కనబడింది ఆరు నిమిషాల పైచిలుకు. నేను ఎంతో ఇష్టపడి చేసిన సీను, పిల్లవాడికి దొంగచాటుగా రెండో గుడ్డు వేసేది, లేదు. ఏ గొడవా లేదు, నిడివి కోసం తీసేశారంతే. మొహం మాడిపోయింది. 78 ఏళ్ళ మా అమ్మ మాత్రం నాలుగో ఎపిసోడ్ 11వ నిమిషం దగ్గర ఆపి ఆపి నాలుగుసార్లు చూసింది. "గంజి వంచే చెయ్యి నాదే" అంది. నిజమే, ఆమె దగ్గర నేర్చుకున్నదే అది.

జూన్‌లో ఒక సినిమాకి రెండు రోజులు చేశాను, 12,000. ఆగస్టులో ఇంకో సినిమాకి 6 నుంచి 9 వరకు నాలుగు రోజులు, రోజుకి 7,000 అని డేట్స్ ఇచ్చాను. ఆగస్టు 4న సినీ కార్మికుల సమ్మె మొదలైంది, వేతనాలు 30 శాతం పెంచాలని. షూటింగులన్నీ ఆగిపోయాయి. 18 రోజులు. నా సంచీ సర్దిపెట్టి ఉంది, రోజూ వార్తలు చూడటమే. నా నాలుగు రోజులు పోతాయేమోనని భయం ఉంది, కానీ వాళ్ళ మీద కోపం రాలేదు. నాకంటే ముందు సెట్‌కి వచ్చి, నేను వెళ్ళాక రెండు గంటలకి వెళ్ళేవాళ్ళు వాళ్ళు. లైట్లు మోసే తమ్ముడి చేతుల మీద కాలిన మచ్చలు నేను చూశాను.

సమ్మె ముగిశాక అందరూ ఒకేసారి డేట్స్ అడగటం మొదలుపెట్టారు. ఆగిన సినిమా సెప్టెంబరు 11 నుంచి 14 అంది. అప్పుడే వేరే సిరీస్‌లో 5 రోజులు, 50,000 అని పిలుపొచ్చింది, అందులో 12, 13 తప్పనిసరి. ఒక కోఆర్డినేటర్ అన్న "రెండింటికీ ఊఁ అనండి, చివర్లో చూసుకుందాం" అన్నాడు. రెండు రోజులు నిద్రపట్టలేదు. పరిషత్తు వాళ్ళకి జరిగింది గుర్తొచ్చింది. ముందు మాటిచ్చింది సినిమాకి. సిరీస్ వాళ్ళకి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. తేదీలు కదలవన్నారు. ఆ పాత్ర పోయింది. ఫోన్ పెట్టేశాక మా ఆయన ముందు కూర్చుని, 28,000 కోసం 50,000 వదిలానని చెప్పడం కష్టమైంది. సినిమా వాళ్ళ డబ్బులో 14,000 ఇంకా రావాలి.

అక్టోబరు 17, శుక్రవారం ఉదయం, ఇల్లు ఊడుస్తుంటే ఫోన్ మోగింది. వంటమనిషి సిరీస్ డైరెక్టర్. మేనేజర్ కాదు, కోఆర్డినేటర్ కాదు, ఆయనే. "అమ్మా, కొత్తది మొదలుపెడుతున్నాం. రేషన్ డీలర్ పాత్ర ఉంది, మగ పాత్రగా రాసుకున్నాం, మీకోసం ఆడ పాత్రగా మార్చాను. 12 రోజులు. టేపు అక్కర్లేదు." నేను అలవాటుగా "సీను పంపండి సార్, రాత్రికి టేపు పంపుతాను" అన్నాను. ఆయన మళ్ళీ చెప్పారు, "అక్కర్లేదమ్మా, మీరు డేట్స్ చెప్పండి చాలు." చీపురు పట్టుకునే గుమ్మంలో కూర్చుండిపోయాను. 94 టేపుల తర్వాత టేపు లేకుండా వచ్చిన మొదటి పని ఇది. మొదటి అవకాశం వచ్చిన రోజు కంటే ఈ రోజే నాకు నేను ఆర్టిస్టుననిపించింది. ఎందుకంటే ఆ మొదటిసారి నా గురించి ఎవరికీ ఏమీ తెలీదు. ఈసారి అన్నీ తెలిసి పిలిచారు.

డబ్బు లెక్క కూడా చెప్పేస్తాను, దాచడానికేం లేదు. అక్టోబరు చివరికి మొదటి ఆరు పనులకి ఒప్పుకున్న మొత్తం 1,22,000. సామాను 4,000, ఫొటోలూ షోరీలూ 8,500, ప్రయాణాలూ హాస్టలూ 58,000, కమిషన్లు 10,400, మోసపోయింది 2,500, ఆడిటర్‌కి 1,000. కలిపితే 84,400. మిగిలింది 37,600, అందులో రావాల్సిన 14,000 ఉంది. మా ఆయన ఉద్యోగం లేకపోతే నేను ఇందులో నాలుగు నెలలు కూడా నిలబడలేకపోయేదాన్ని. పెళ్ళికాని అమ్మాయిలు, ఒంటరిగా కృష్ణానగర్‌లో గది తీసుకుని ఈ పని కోసం చూస్తున్నవాళ్ళు ఎంత గట్టివాళ్ళో హాస్టల్‌లో దగ్గరగా చూశాను. వాళ్ళలో ఇద్దరు పొద్దున కాల్ సెంటర్‌కి వెళ్ళి, రాత్రి టేపులు తీసుకుంటారు. నేను అక్కడ ఉన్న రోజుల్లో వాళ్ళకి అవతలి డైలాగులు చదివిపెట్టేది నేనే. ఇప్పుడు వాళ్ళు నాకు ఫోన్‌లో చదువుతారు.

కొత్త సిరీస్‌కి నిన్న కాల్ షీట్ వచ్చింది. సోమవారం ఉదయం ఐదున్నరకి లొకేషన్. శనివారం రాత్రి నారాయణాద్రి రైలుకి టికెట్ చేశాను. రేషన్ షాపు సీన్లలో బియ్యం తూకం వేయాలన్నారు కాబట్టి మా వీధి చివర డీలర్ గారి దగ్గర రెండు రోజుల నుంచి కూర్చుంటున్నాను. ఆవిడ తూకం వేసేటప్పుడు అంకెలు చూడదు, సంచీ వైపు చూస్తుంది. అది నోటు పుస్తకంలో రాసుకున్నాను.